పోటీ పరీక్షల ప్రత్యేకం: ‘ఆర్ఫన్స్ ఆఫ్ ది స్టార్మ్’ (1921)
అమెరికా మూకీ చిత్రయుగమున అగ్రగణ్యుడైన డి. డబ్ల్యు. గ్రిఫిత్ దర్శకత్వమున 1921లో వెలువడిన ఈ చిత్రము, దెన్నెరీ, కోర్మాన్ అను ఫ్రెంచి రచయితల నాటకమునకు రూపాంతరము. 1874 నాటి ఆ నాటకమున లేని ఫ్రెంచి విప్లవమును కథలోనికి దెచ్చినవాడు గ్రిఫిత్ అని అభ్యర్థులు గుర్తింపవలెను.

అంధురాలైన లూయీజ్‌కు నేత్రచికిత్స చేయింపగోరి, ఆమెతో కూడ పెరిగిన హెన్రియెట్ పారిస్ చేరినంతనే, ఒక విలాసి యగు ప్రభువు హెన్రియెట్‌ను అపహరింపజేయగా, దిక్కులేని లూయీజ్, ఫ్రోషార్ అను క్రూరురాలి చేత జిక్కి, వీథులలో పాడుచు యాచింపవలసినదయ్యెను. కొంతకాలమునకు, చెరవీడి మేడగదిలోనున్న హెన్రియెట్ చెవికి ఆ గానము సోకును. చేతులు చాచి పిలుచునంతలో రాజభటులు వచ్చి ఆమెను బంధింతురు. శబ్దమే లేని తెరపై, విన్న స్వరమును ముఖకవళికలచేతనే ప్రేక్షకునకు వినిపించిన హెన్రియెట్ పాత్రధారిణి లిలియన్ గిష్ నటనకు సాటి మూకీ చిత్రములలో మిక్కిలి అరుదని నా నిశ్చితాభిప్రాయము.

విప్లవము చెలరేగిన పిదప విప్లవ న్యాయస్థానము హెన్రియెట్‌కు మరణదండన విధింపగా, విప్లవ నాయకుడైన డాంటన్ గిలటిన్ కడకు అశ్వారూఢుడై వచ్చి రక్షించును. వియోగము తీరి హెన్రియెట్, లూయీజ్ కలిసికొందురు.

లూయీజ్ పాత్రధారిణి డొరొతీ గిష్, లిలియన్‌కు నిజజీవితమునను సోదరి. ఏ పాత్ర ఎవరిదో తారుమారు చేయరాదు. డాంటన్‌గా మాంటే బ్లూ నటించెను. న్యూయార్క్ రాష్ట్రమందలి మామరోనెక్‌లో పారిస్ వీథులను నిర్మించి చిత్రీకరించిరి. గ్రిఫిత్ దర్శకత్వమున ఈ సోదరీమణులిరువురు కలిసి నటించిన కడపటి చిత్రమిదియే.