తెలియని దారిలో మాట ప్రయాణం

2008వ సంవత్సరం జూలై నెలలో ఒక గురువారం సాయంత్రం. దుబాయిలోని అల్ ఖూజ్ పారిశ్రామిక ప్రాంతంలో నేను పనిచేసే గిడ్డంగి వెనుక, గోడ నీడన నిలబడి, అమలాపురం దగ్గరి మా ఊరికి ఫోన్ చేశాను. తమ్ముడు ఎత్తాడు. "అన్నయ్యా, అమ్మకు బాగా..." అన్నాడు. అంతటితో గొంతు తెగిపోయింది. తెలుగు వాక్యానికి ప్రాణం చివరనే ఉంటుంది. "బాగానే ఉంది" అన్నాడా, "బాగా లేదు" అన్నాడా? రెండు మూడు సెకన్లపాటు చెవిలో నిశ్శబ్దం తప్ప మరేమీ లేదు.

ఆ నిశ్శబ్దం ఎందుకు వచ్చింది? వచ్చినది నిశ్శబ్దంగానే ఎందుకు వచ్చింది, తప్పుడు మాటగా ఎందుకు రాలేదు? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఎమిరేట్సులో జీఎస్ఎం పద్ధతి సెల్ ఫోన్లు 1994లో వచ్చాయి. ఆనాడు నా చేతిలో ఉన్నదీ ఆ పద్ధతి ఫోనే. కనుక లెక్కలన్నీ ముందుగా దానితోనే చూద్దాం.

అల్ ఖూజ్ ఎరిగినవారికి ఆ పరిసరాలు వర్ణించనక్కరలేదు. ఒక పక్క షేక్ జాయెద్ రోడ్డు, మరొక పక్క అల్ ఖైల్ రోడ్డు; మధ్య వరుసలు వరుసలుగా రేకుల షెడ్లు, అల్యూమినియం పనిశాలలు, కార్మికుల వసతి గృహాలు. ఇటీవలి కాలంలో వాటిలో కొన్ని గిడ్డంగులు చిత్రశాలలుగా కూడా మారాయి. రేడియో తరంగానికి లోహపు రేకు అద్దం వంటిది. టవరు నుండి బయలుదేరిన తరంగం తిన్నగా ఒకటి, ఎదుటి షెడ్డు గోడకు తగిలి ఒకటి, నిలిపి ఉన్న లారీకి తగిలి మరొకటి, ఇలా అనేక ప్రతిరూపాలుగా ఫోన్‌ను చేరుతుంది. 900 మెగాహెర్ట్జ్ తరంగం దైర్ఘ్యం సుమారు 33 సెంటీమీటర్లు. రెండు దారుల పొడవులలో తేడా అందులో సగం, అనగా 16.5 సెంటీమీటర్లు ఉంటే, ఒకదాని శిఖరం మీద రెండవదాని లోయ పడి రెండూ ఒకదానినొకటి హరించుకుంటాయి. జానెడు కంటె తక్కువ తేడాలో సంకేతం ఉండటం, లేకపోవడం తేలిపోతుందన్నమాట. "ఒక అడుగు పక్కకు జరగరా, వినబడుతుంది" అని క్యాంపులో మనవాళ్ళు చెప్పే చిట్కా మూఢనమ్మకం కాదు. అది శుద్ధ భౌతికశాస్త్రం.

సంకేతం బలహీనపడటం ఒక్కటే కష్టమైతే టవరు శక్తి పెంచి సరిపెట్టవచ్చు. అసలు చిక్కు వేరు. వచ్చిన తరంగం దారిలో ఎంత తగ్గిందో, దాని దశ ఎంత తిరిగిందో ఫోన్‌కు తెలియదు. తిరుగుడు ఎంతో తెలియనప్పుడు, చేతికి వచ్చినది సున్నాయో ఒకటో నిర్ణయించడం అసాధ్యం. క్లాడ్ షానన్ 1948లో సమాచార సిద్ధాంతానికి పునాది వేసినప్పుడు, ప్రసార మార్గం లక్షణం తెలిసినదే అన్న ఊహతో లెక్క సాగించాడు. రాగితీగకు అది సబబైన ఊహ. అల్ ఖూజ్ సందులకు కాదు. ఇక్కడ ఒక లారీ కదిలితే చాలు, మార్గమే మారిపోతుంది.

మరి తెలియని మార్గాన్ని తెలుసుకోవడం ఎలా? ఈ పని మన సంఘం వారు ప్రతి ఉగాదికీ చేస్తూనే ఉన్నారు. కార్యక్రమానికి ముందు ఒకరు వేదిక ఎక్కి "హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ" అంటారు. ఆ మాటలలో వార్త ఏమీ లేదు. అందరికీ ముందే తెలిసినవి. వాటి ఉపయోగం కూడా అదే. మాట ముందే తెలుసు కనుక, విన్నదానిలో కనిపించే తేడా అంతా హాలుదీ, స్పీకర్లదీ అని తేలుతుంది.

జీఎస్ఎం ఫోన్ ఈ పరీక్షను కునుకు వేయకుండా చేస్తుంది. అది తన మాటను ఒక్కొక్కటి 148 బిట్ల పొట్లాలుగా పంపుతుంది. అందులో 26 బిట్లు ఈ "వన్ టూ త్రీ" కోసమే. టవరుకూ ఫోన్‌కూ ముందే తెలిసిన వరుస అది. మాటకు మిగిలేవి 114. అంటే ఇంచుమించు ఆరవ వంతు శ్రమ మార్గాన్ని పరీక్షించడానికే ఖర్చవుతోంది. ఒక్కసారి పరీక్షిస్తే చాలదా అని పిల్లలు అడగవచ్చు. వారినే ఒక లెక్క చేయమనండి. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే కారు, ఒక పొట్లానికీ తరువాతి పొట్లానికీ మధ్య గడిచే 4.6 మిల్లీసెకన్లలో ఎంత దూరం పోతుంది? సుమారు 13 సెంటీమీటర్లు, అనగా తరంగ దైర్ఘ్యంలో మూడవ వంతు పైనే. ఆ లోగా మార్గం మారిపోతుంది. నిన్నటి వంట రుచి నేడు చూసి లాభమేమిటి? అందుచేత ప్రతి పొట్లంలోనూ పరీక్ష తప్పదు. ఆ 26 బిట్లను పొట్లం మొదట కాక నట్టనడుమ ఉంచడంలో చక్కని యుక్తి ఉంది. నడుమ ఉంటే ఇరు చివరల బిట్లకూ పరీక్షకూ మధ్య కాలం సగమే అవుతుంది.

అయితే 26 బిట్లతో మార్గాన్ని ఎంత కచ్చితంగా తెలుసుకోవచ్చు? ఇక్కడ మన తెలుగువాడి పేరు వస్తుంది. కల్యంపూడి రాధాకృష్ణ రావు 1920 సెప్టెంబరు 10న, నేటి కర్ణాటకలోని హడగళిలో, తెలుగు కుటుంబంలో జన్మించారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నంలలో చదివి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం పూర్తిచేసి, 1941లో కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థకు చేరారు. అక్కడ విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతూ, పరిశీలనలు లెక్కలేనన్ని ఉన్నప్పుడు అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో ఫిషర్ చెప్పిన ఫలితాన్ని ప్రస్తావించారు. పరిశీలనలు కొన్నే ఉన్నప్పుడు ఇలాంటిది చెప్పలేమా అని ఒక విద్యార్థి అడిగాడు. రావుగారు ఆ రాత్రంతా మేలుకొని, మరునాటికి సమాధానం సాధించారట. అది 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో వెలువడింది. స్వీడన్ దేశపు హెరాల్డ్ క్రామెర్ 1946లో తన గ్రంథంలో అదే ఫలితం ఇచ్చాడు. నేడు ఇంజనీర్లు దానిని క్రామెర్-రావు అవధి అంటారు.

ఆ అవధి చెప్పేది ఇది. రొదతో కలిసి వచ్చిన కొలతల నుండి తెలియని రాశిని పక్షపాతం లేకుండా అంచనా కట్టేటప్పుడు, ఎంతటి మేధావి ఎంతటి ఉపాయం పన్నినా, పొరపాటు ఒక హద్దుకు దిగువకు పోదు. ఆ హద్దు ఆ కొలతలలో ఎంత సమాచారం ఉందో దానిని బట్టి ఉంటుంది. మన ఫోన్ విషయంలో దాని అర్థం సులభం. పరీక్ష బిట్లు నాలుగింతలు చేస్తేగాని పొరపాటు సగం కాదు. 26 బిట్లను 104 చేశామనుకోండి. మాటకు చోటే మిగలదు. తక్కువ చేస్తే మార్గం అంచనా తప్పి ఉన్న మాటా చెడుతుంది. ఈ రెంటి మధ్య రాజీయే నిస్తంత్రీ విద్యలో సగం అని నా అభిప్రాయం. రావుగారు 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి అందుకొని, అదే ఏడు ఆగస్టు 22న, 102 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. జేబులో ఫోన్ ఉన్న ప్రతివాడూ ఆయనకు ఋణపడి ఉన్నాడు.

తరువాతి తరాల ఫోన్లలో ఈ ఖర్చు రూపం మారింది గాని పోలేదు. 4జీ పద్ధతిలో, ఒక యాంటెన్నాతో పంపేటప్పుడు, ప్రతి 84 గళ్ళలో 4 గళ్ళు పరీక్షకు కేటాయించారు. యాంటెన్నాలు పెరిగిన కొద్దీ ఒక్కొక్కదాని మార్గం విడివిడిగా తెలుసుకోవాలి కనుక గళ్ళూ పెరుగుతాయి. 2010లో థామస్ మార్జెట్టా టవరు మీద వందల యాంటెన్నాలు పెట్టవచ్చని చూపిస్తూ, ఆ మేలుకు హద్దు పెట్టేది కూడా ఈ పరీక్షేనని చూపించాడు. పక్క హాలులో మరొక సంఘం వారు అదే సమయంలో "వన్ టూ త్రీ" అంటే, ఏ హాలు ప్రతిధ్వని ఏదో తెలియక తికమకపడినట్లే.

ఎంత పరీక్షించినా కొంత అనిశ్చితి మిగిలి తీరుతుందని తేలింది గదా. దానిని కాచుకోవడం కోడింగ్ పని. మన పద్యం తీసుకోండి. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, 10వ అక్షరం యతిస్థానం, నాలుగు పాదాలకూ రెండవ అక్షరం ప్రాస. తాళపత్రం నకలు వ్రాసేవాడు ఒక అక్షరం జారవిడిస్తే గణం తప్పి వెంటనే పట్టుబడుతుంది. యతిస్థానంలో అక్షరం మారితే అక్కడ ఏది ఉండాలో మొదటి అక్షరమే చాలావరకు సూచిస్తుంది. భావానికి అవసరమైన దానికంటె ఎక్కువ నియమాలు ఉండటమే పాఠపరిష్కర్తలకు దారి చూపింది. దీనిని బట్టి మన పూర్వులకు కోడింగ్ సిద్ధాంతం తెలుసునని వాదించేవారు ఉండవచ్చు. నేను ఆ పని చేయను. పోలిక పోలికే.

జీఎస్ఎం ఫోన్ ప్రతి 20 మిల్లీసెకన్ల మాటను 260 బిట్లుగా మారుస్తుంది. చెవికి ముఖ్యమైన 182 బిట్లకు సరిచూసే బిట్లు కొన్ని చేర్చి, ఆ మొత్తాన్ని రెట్టింపు చేస్తుంది. మిగిలిన 78 బిట్లను రక్షణ లేకుండా వదిలివేస్తుంది. అన్నీ కలిసి 456. అవతలివైపు విప్పేటప్పుడు ఆండ్రూ విటర్బీ 1967లో ప్రకటించిన పద్ధతి వాడతారు. అందులో మెచ్చదగిన సంగతి, ప్రతి బిట్టునూ అక్కడికక్కడే ఒకటి, సున్నా అని తేల్చనక్కరలేదు. "ఇది ఒకటే కావచ్చు గాని నమ్మకం తక్కువ" అన్న సందేహాన్ని కూడా దాచి ఉంచి, మొత్తం వరుస చూచిన తరువాతనే తీర్పు చెప్పవచ్చు.

ఈ 456 బిట్లను ఒకేచోట పంపరు. 57 చొప్పున ఎనిమిది భాగాలు చేసి ఎనిమిది పొట్లాలలో పంచుతారు. అష్టావధానం చూచినవారికి ఇది కొత్త కాదు. అవధాని సమస్య అడిగినవారికి ఒక పాదం, దత్తపది అడిగినవారికి ఒక పాదం, వర్ణన అడిగినవారికి ఒక పాదం చెప్పి, మళ్ళీ మొదటివారి వద్దకు వస్తాడు. ఒక ఆవృత్తిలో సభలో గోల రేగి ఏమీ వినబడకపోయినా, ఏ పద్యమూ పూర్తిగా పోదు. ఒక్కొక్క పాదమే పోతుంది. అలాగే ఒక పొట్లం నశిస్తే 456లో 57 మాత్రమే పోతాయి, వాటిని మిగిలినవి నిలబెడతాయి. పృచ్ఛకుడు తన పద్యం కోసం వేచి ఉన్నట్లు, చెవి కూడా సుమారు 37 మిల్లీసెకన్లు వేచి ఉండాలి.

ఇక నా సంగతి. పరుగెత్తే కారులో ఉన్నవాడు బలహీన స్థానాన్ని కొన్ని మిల్లీసెకన్లలోనే దాటిపోతాడు. ఒకటి రెండు పొట్లాలు పోయినా పంపకం వాడిని కాస్తుంది. నేను గోడ పక్కన కదలకుండా నిలబడి ఉన్నాను. నేను నిలిచిన జానెడు చోటే సంకేతం లేని లోయ అయితే ఎనిమిది పొట్లాలూ, వాటి వెనుకవీ వరుసగా పోతాయి. వింతగా ఉంటుంది గాని, నిలబడినవాడి కష్టం పరుగెత్తేవాడి కష్టం కంటె ఎక్కువ. పొట్లం పొట్లానికీ పౌనఃపున్యం మార్చి పంపితే కొంత ఉపశమనం. అన్ని చోట్లా అది చాలదు.

అప్పుడు ఫోన్ ఏమి చేస్తుంది? అతిముఖ్యమైన 50 బిట్లకు 3 సరిచూసే బిట్లు ఉంటాయి. లెక్క కుదరకపోతే ఆ ముక్కను చెవికి వినిపించదు. ముందరి ముక్కనే మరొకసారి వినిపిస్తుంది, తరువాత క్రమంగా గొంతు తగ్గిస్తుంది, 320 మిల్లీసెకన్లు గడిచినా మంచి ముక్క రాకపోతే పూర్తిగా మౌనం వహిస్తుంది. ఆనాడు నేను విన్న "బాగా" చివర కొంచెం సాగినట్లు తోచింది తమ్ముడి గొంతు వల్ల కాదేమో. ఫోన్ చేసిన పని కావచ్చు. తెలియనిదానిని ఊహించి "ఉంది" అనో "లేదు" అనో అది చెప్పలేదు.

నేను గోడ విడిచి రోడ్డు వైపు నాలుగడుగులు వేశాను. గొంతు తిరిగి వచ్చింది. తమ్ముడు అప్పటికి వర్షాల మాటలోకి వెళ్ళిపోయాడు. "ముందు అమ్మ సంగతి మళ్ళీ చెప్పు" అన్నాను.

"బాగా నీరసపడింది గాని, జ్వరం తగ్గింది అన్నయ్యా" అన్నాడు.