నొప్పి తలుపుకు అడ్డగడియ

మెట్లు దిగుతూ మోకాలు గోడకు కొట్టుకున్నారనుకోండి. మీరు ఏమీ ఆలోచించకముందే మీ చెయ్యి మోకాలి మీదికి పోతుంది. గట్టిగా రుద్దుకుంటారు. నొప్పి కొంత తగ్గుతుంది. కమిలిన చర్మం మాత్రం కమిలినట్టే ఉంది. దెబ్బ మానలేదు. మరి నొప్పి ఎందుకు తగ్గింది?

ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే, ఈ రోజుల్లో మందుల దుకాణాల్లో దొరికే ఒక చిన్న యంత్రం ఎలా పనిచేస్తుందో కూడా తెలుస్తుంది. అది జేబులో పట్టేంత పెట్టె. దానికి తీగలు, తీగల చివర జిగురు బిళ్లలు ఉంటాయి. నొప్పి ఉన్న చోట బిళ్లలు అంటించి మీట నొక్కితే చర్మం మీద చీమలు పాకినట్టు ఉంటుంది. దాని పొట్టి పేరు టెన్స్. చర్మం మీదుగా విద్యుత్తు పంపి నాడులను ప్రేరేపించే సాధనం అని ఆ పేరుకు అర్థం.

మోకాళ్లు పట్టేసిన అమ్మమ్మో, నడుము నొప్పితో మూలిగే నాన్నో మీ ఇంట్లోనూ ఉండవచ్చు. ఎవరో చెప్పారని ఇలాంటి పెట్టె ఇంటికి వస్తుంది. దాని మీద రాసినదంతా ఇంగ్లీషులో ఉంటుంది. "ఇదేమిటో చదివి చెప్పరా" అని దాన్ని మీ చేతికే ఇస్తారు. అప్పుడు మీరేం చెప్పాలో తెలుసుకుందాం.

మూడు రకాల తంతువులు

చర్మం నుంచి వెన్నుపాముకు వార్తలు మోసే నాడీ తంతువులు అన్నీ ఒకేలా ఉండవు. స్పర్శను మోసేవి లావుగా ఉంటాయి. వాటికి మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది. వాటిలో వార్త సెకనుకు సుమారు 35 నుంచి 75 మీటర్ల వేగంతో పోతుంది. చురుక్కుమనే నొప్పిని మోసే తంతువులు ఇంతకంటె సన్నవి. వాటి తొడుగు పలుచన. వేగం సెకనుకు 5 నుంచి 30 మీటర్లు. సలుపు, మంట వంటి నొప్పిని మోసేవి అన్నిటికంటె సన్నవి. వాటికి మైలిన్ తొడుగు లేదు. వేగం సెకనుకు అర మీటరు నుంచి 2 మీటర్లు మాత్రమే.

ఒక చిన్న లెక్క చేయండి. కాలి వేలి నుంచి వెన్నుపాముకు దూరం సుమారు ఒక మీటరు అనుకుందాం. సెకనుకు 50 మీటర్ల చొప్పున స్పర్శ వార్త సెకనులో యాభయ్యో వంతులో చేరుతుంది. 20 మీటర్ల చొప్పున చురుకు నొప్పికి సెకనులో ఇరవయ్యో వంతు పడుతుంది. ఒక మీటరు చొప్పున సలుపుకు పూర్తిగా ఒక సెకను కావాలి. కాలి వేలు గడపకు తగిలినప్పుడు ముందు చురుక్కుమని, ఒక క్షణం ఆగి అసలు బాధ పొంగుకు రావడం మీకు అనుభవమే కదా! దానికి కారణం ఇదే.

వెన్నుపాములో ద్వారం

1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. నొప్పి వార్త నేరుగా మెదడుకు పోదు. వెన్నుపాములో దానికి ఒక ద్వారం వంటి ఏర్పాటు ఉంది. స్పర్శను మోసే లావు తంతువులు చురుకుగా పనిచేస్తుంటే ఆ ద్వారం మూసుకుంటుంది. సన్న తంతువులు తెచ్చే వార్తల్లో కొన్ని అక్కడే ఆగిపోతాయి. దీన్ని ద్వార నియంత్రణ సిద్ధాంతం అంటారు. అక్కడ నిజంగా తలుపు రెక్కలు లేవు. కొన్ని నాడీకణాలు మరికొన్ని నాడీకణాలను అణచిపెట్టడమే ద్వారం మూయడం. ఆ తర్వాతి పరిశోధనలు ఈ చిత్రంలో చాలా మార్పులు చేశాయి. అయినా స్పర్శ నొప్పిని అణచగలదన్న మూల భావం నిలిచింది.

మోకాలు రుద్దుకున్నప్పుడు మీరు చేసింది కూడా లావు తంతువులను మేలుకొలిపి ద్వారం మూయించడమే. కాని ఎంతసేపని రుద్దుతాం? ఆ పని విద్యుత్తుకు అప్పగిస్తే?

1967లో వాల్, విలియం స్వీట్ అనే శస్త్రవైద్యుడితో కలిసి ఆ ప్రయత్నం చేశాడు. తీవ్రమైన దీర్ఘకాలపు నొప్పి గల ఎనిమిది మంది రోగుల నాడులకు వారు చిన్న చిన్న విద్యుత్ పల్స్‌లు పంపారు. ఒక్కొక్క పల్స్ సెకనులో పదివేలవ వంతు, అంటే 100 మైక్రోసెకన్లు ఉంటుంది. సెకనుకు అలాంటివి 100. పల్స్‌లు నడుస్తున్నంతసేపు, అంతకుముందు తాకితే ఓర్వలేని చోట నొక్కినా రోగులకు నొప్పి తెలియలేదు. వారిలో నలుగురికి 2 నిమిషాల పల్స్‌ల తర్వాత అరగంటకు పైగా ఉపశమనం నిలిచింది.

ఇందులో ఒక సౌలభ్యం ఉంది. బయటి నుంచి విద్యుత్తు పంపితే లావు తంతువులు తక్కువ కరెంటుకే స్పందిస్తాయి. సన్నవాటికి ఎక్కువ కావాలి. కనుక కరెంటు తగు మాత్రంగా ఉంచితే స్పర్శ తంతువులే మేలుకుంటాయి, నొప్పి తంతువులు కదలవు.

నొప్పికి విద్యుత్తు వాడడం మాత్రం చాలా పాత సంగతి. క్రీ.శ. మొదటి శతాబ్దంలోనే స్క్రిబోనియస్ లార్గస్ అనే రోమను వైద్యుడు తలనొప్పికి, కీళ్ల వ్యాధికి టోర్పెడో అనే చేపను తాకించమని రాశాడు. ఆ చేప ఒంట్లో విద్యుత్తు పుడుతుంది. అది ఎందుకు పనిచేస్తుందో ఆయనకు తెలిసే వీలు లేదు. విద్యుత్తు అనే మాటే అప్పటికి పుట్టలేదు.

పెట్టె మీది మూడు అంకెలు

ఇప్పుడు పెట్టె చేతిలోకి తీసుకోండి. దాని మీద ముఖ్యంగా మూడు అంకెలు వెతకాలి.

మొదటిది పౌనఃపున్యం, అంటే సెకనుకు ఎన్ని పల్స్‌లు అనేది. దీన్ని హెర్ట్జ్‌లలో చెబుతారు. 50 నుంచి 100 హెర్ట్జ్‌ల వరకు ఉంటే చీమలు పాకినట్టు ఉంటుంది. ద్వారం మూయించడానికి ఎక్కువగా వాడేది ఇదే. 2 నుంచి 4 హెర్ట్జ్‌లు పెడితే నెమ్మదిగా తట్టినట్టు ఉంటుంది. అప్పుడు శరీరం తానే తయారు చేసుకునే నొప్పి నివారణ పదార్థాలు పనికి వస్తాయని భావిస్తున్నారు. వాటిలో ఎన్‌కెఫలిన్ అనేదాన్ని 1975లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్‌లిట్జ్ స్కాట్లండులో కనుగొన్నారు.

రెండవది పల్స్ నిడివి. సాధారణంగా 50 నుంచి 250 మైక్రోసెకన్లు ఉంటుంది. మూడవది కరెంటు బలం. దీన్ని మిల్లీ ఆంపియర్లలో చెబుతారు.

ఈ మూడింటినీ విడివిడిగా మార్చుకునే వీలున్న యంత్రం మంచిది. "20 రకాల మసాజ్‌లు" అని మాత్రమే రాసి, అంకె ఒక్కటీ చెప్పని పెట్టెను నమ్మి కొనకండి. కండరాలను ముడిచి వ్యాయామం చేయించే యంత్రాలు కూడా చూడడానికి ఇలాగే ఉంటాయి. వాటిని ఇ.ఎం.ఎస్. అంటారు. వాటి పని వేరు. కొన్ని పెట్టెల్లో రెండూ కలిసి ఉంటాయి. కనుక ఏ మీట దేనిదో చూసుకోవాలి.

కరెంటే కదా, ప్రమాదం లేదా?

మంచి ప్రశ్న. ఓమ్ నియమంతో మొదలుపెడదాం. ఇంటి కరెంటు 230 వోల్టులు. తడి శరీరపు నిరోధం 1000 ఓములు అనుకుంటే ప్రవాహం 230 ÷ 1000 = 0.23 ఆంపియర్లు, అంటే 230 మిల్లీ ఆంపియర్లు. గుండె లయ తప్పి మనిషి చనిపోవడానికి అందులో సగం కూడా అక్కరలేదు. ఇంటి కరెంటుతో ఎలాంటి ప్రయోగమూ చేయకూడదని చెప్పేది అందుకే.

టెన్స్‌లో 20 మిల్లీ ఆంపియర్లు వాడుతున్నారనుకోండి. ఒక్కో పల్స్ 100 మైక్రోసెకన్లు. సెకనుకు 100 పల్స్‌లు. అంటే సెకనులో కరెంటు పారే కాలం 100 × 100 = 10,000 మైక్రోసెకన్లు, సెకనులో నూరో వంతు. మిగిలిన 99 వంతులూ విశ్రాంతి. సగటు చూస్తే 20లో నూరో వంతు, 0.2 మిల్లీ ఆంపియరు మాత్రమే. పైగా కరెంటు రెండు బిళ్లల మధ్య ఉన్న కొద్ది చోటులోనే పారుతుంది. మంచి యంత్రంలో ప్రతి పల్స్‌లోనూ ఒక దిశలో పోయిన విద్యుదావేశం తిరిగి రెండో దిశలో వస్తుంది. ఎప్పుడూ ఒకే దిశలో పారితే బిళ్ల కింద విద్యుద్విశ్లేషణ జరిగి చర్మం పొక్కుతుంది.

బిళ్ల అతుకు కూడా ముఖ్యమే. 5 సెంటీమీటర్ల చదరపు బిళ్ల వైశాల్యం 25 చదరపు సెంటీమీటర్లు. జిగురు ఎండి, ఒక మూల ఒక్క చదరపు సెంటీమీటరు మాత్రమే అంటుకుందనుకోండి. కరెంటంతా అక్కడి నుంచే పోతుంది. ఆ చోట తీవ్రత 25 రెట్లు! అందుకే పాత బిళ్లలు సూదులతో పొడిచినట్టు బాధిస్తాయి.

కొనేటప్పుడు చూడవలసినవి

బ్యాటరీతో నడిచేదే కొనండి. చార్జి చేసే రకమైతే గోడకు తగిలించి ఉండగా ఒంటికి అంటించకూడదు. కరెంటు బలం సున్నా నుంచి మొదలై కొద్దికొద్దిగా పెరగాలి. నిర్ణీత కాలం తర్వాత దానంతట అదే ఆగే ఏర్పాటు ఉండాలి. రెండు మోకాళ్లకు ఒకేసారి వాడాలంటే రెండు వేరు వేరు మార్గాలు, నాలుగు బిళ్లలు కావాలి. అంకెలు అమ్మమ్మ కళ్లకు కనిపించేంత పెద్దవిగా, మీటలు ఆమె వేళ్లకు వీలుగా ఉండాలి. బిళ్లలు అరిగిపోతాయి కనుక విడిగా దొరుకుతాయో లేదో ముందే అడగాలి.

మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ ఔషధాల చట్టం పరిధిలోకి వచ్చాయి. కనుక తయారుచేసినవారి లేదా దిగుమతి చేసినవారి పేరు, చిరునామా, లైసెన్సు నంబరు పెట్టె మీద చూడండి. ఇటువంటి యంత్రాల భద్రతకు ఐ.ఇ.సి. 60601-2-10 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఆ అంకె కూడా కనిపిస్తే మంచిది.

ఎవరు వాడకూడదు?

అన్నిటికంటె ముందు అడగవలసిన ప్రశ్న ఇదే. గుండెలో పేస్‌మేకర్ అమర్చినవారు ఈ యంత్రం జోలికి పోకూడదు. దీని పల్స్‌లను అది గుండె సంకేతాలని పొరబడవచ్చు. గర్భిణులు, మూర్ఛ వ్యాధి, క్యాన్సర్, కాళ్లలో రక్తం గడ్డకట్టిన జబ్బు ఉన్నవారు వైద్యుడిని అడగకుండా వాడకూడదు. మెడ ముందు భాగం, తల, కళ్లు, ఛాతీ, పుండ్లు – వీటి మీద బిళ్లలు అంటించకూడదు. స్నానం చేస్తూ, నిద్రపోతూ, బండి నడుపుతూ వాడకూడదు.

మధుమేహం వల్ల కొందరికి పాదాల్లో స్పర్శ పోతుంది. అలాంటి చోట ఎంత కరెంటు పెట్టారో వారికే తెలియదు, పెంచుకుంటూ పోతారు. చర్మం కాలినా తెలియదు. అక్కడా వద్దు.

కబురును ఆపితే గండి పూడుతుందా?

చెరువుకు గండి పడిందని ఒకడు పరుగున వచ్చాడు. అతణ్ని వాకిట్లోనే ఆపి తలుపు వేశాం. ఇంట్లో నిశ్శబ్దంగా ఉంది. గండి పూడిందా? లేదు. నొప్పి కూడా అలాంటి కబురే. టెన్స్ యంత్రం కబురును ఆపుతుందేగాని గండిని పూడ్చదు. అరిగిన కీలు అరిగినట్టే ఉంటుంది.

కీలు అరిగిందని వైద్యుడు ముందే చెప్పి ఉంటే, కబురు కొంతసేపు ఆగడం మేలే. అమ్మమ్మ నాలుగు అడుగులు నడుస్తుంది, చెప్పిన వ్యాయామం చేస్తుంది. కాని కారణం తెలియని నొప్పి సంగతి వేరు. ఛాతీలో పుట్టి ఎడమ చేతికి, దవడకు పాకే నొప్పి గుండెపోటు కావచ్చు. పొట్టలో కుడి వైపు కింద నొప్పి అపెండిక్స్ వాపు కావచ్చు. జారిపడిన ముసలివారి తుంటి నొప్పి ఎముక విరిగినందువల్ల కావచ్చు. ఇక్కడ తలుపు వేసుకుని కూర్చుంటే ప్రాణం మీదికి వస్తుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

పరిశోధనలు ఏమంటున్నాయి?

2022లో ప్రచురించిన ఒక పెద్ద సమీక్షలో 381 ప్రయోగాలను కలిపి చూశారు. యంత్రం నడుస్తున్నప్పుడు, ఆపిన వెంటనే, నొప్పి తగ్గుతున్నదని తేలింది. అయితే దీర్ఘకాలపు నొప్పుల మీద 2019లో వచ్చిన మరో సమీక్ష, ఉన్న ఆధారాలతో ఏదీ గట్టిగా చెప్పలేమన్నది. బ్రిటన్‌లో 2016 నాటి వైద్య మార్గదర్శకాలు నడుము నొప్పికి దీన్ని ఇవ్వవద్దన్నాయి.

ఇంత తేడా ఎందుకు? మందును పరీక్షించేటప్పుడు కొందరికి అసలు మాత్ర, కొందరికి ఉత్త మాత్ర ఇస్తారు. ఎవరికి ఏది ఇచ్చారో వారికి తెలియదు. టెన్స్‌తో అలా కుదరదు. అసలు యంత్రం చిమచిమలాడుతుంది, ఉత్త యంత్రం ఊరుకుంటుంది. రోగి కనిపెట్టేస్తాడు. ఇక ఏ అంకెలు పెట్టారు, ఎంతసేపు వాడారు అనేవి కూడా ప్రయోగానికీ ప్రయోగానికీ మారుతుంటాయి.

కనుక కొనే ముందు వైద్యుడి దగ్గరో, ఫిజియోథెరపిస్టు దగ్గరో కొన్నాళ్లు వాడి చూడడం తెలివైన పని. వాడే ముందు నొప్పికి సున్నా నుంచి పది వరకు ఒక అంకె వేయమని అమ్మమ్మను అడగండి. అరగంట వాడాక మళ్లీ అడగండి. మర్నాడు మళ్లీ అడగండి. రెండు వారాలు నోటు పుస్తకంలో రాయండి. అంకె తగ్గకపోతే డబ్బు మిగిలినట్టే!

అభ్యాసం

1. కరెంటు 30 మిల్లీ ఆంపియర్లు, పల్స్ నిడివి 200 మైక్రోసెకన్లు, పౌనఃపున్యం 50 హెర్ట్జ్‌లు. సగటు కరెంటు ఎంత?

2. 5 సెంటీమీటర్ల చదరపు బిళ్లకు బదులు రెండున్నర సెంటీమీటర్ల చదరపు బిళ్ల అంటించారు. కరెంటు మారలేదు. చర్మం మీద తీవ్రత ఎన్ని రెట్లు అవుతుంది?

3. పేస్‌మేకర్ ఉన్న తాతగారు "నాకూ ఒకసారి అంటించరా" అన్నారు. ఏం చెబుతారు? ఎందుకు?

(జవాబులు: 1. 0.3 మిల్లీ ఆంపియరు. 2. నాలుగు రెట్లు. మూడవదానికి జవాబు తాతగారికి అర్థమయ్యేలా మీ మాటల్లో మీరే రాయండి.)