ఈ గట్టున రాసిన పోస్టు ఆ గట్టున ఎలా కనబడుతుంది?

భద్రాచలం వద్ద గోదావరి మట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. పట్టణాన్ని ఆనుకున్న ఎటపాక 2014 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. చింతూరు దాటితే ఛత్తీస్‌గఢ్. వరద ఈ హద్దులు చూడదు. మరి మనం రాసిన కబురు ఒక నెట్‌వర్కు నుంచి మరోదానికి చెడకుండా పోతుందా? పరీక్షించి చూద్దాం.

ముందు అసలు సంగతి. ఖమ్మంలో వేసిన ఉత్తరం విదేశంలో బట్వాడా అవుతోందంటే, 1874లో దేశాల మధ్య కుదిరిన తపాలా ఒప్పందమే మూలం. ఫెడరేటెడ్ నెట్‌వర్కులూ అంతే. మాస్టడాన్ సర్వర్లు ఎవరివి వారివే. వాటిని కలిపే ఒప్పందం యాక్టివిటీపబ్. డబ్ల్యూ3సీ దాన్ని 2018లో ప్రమాణంగా ఆమోదించింది. బ్లూస్కైది వేరే ఒప్పందం, ఏటీ ప్రోటోకాల్. ఈ రెంటి మధ్య బ్రిడ్జీ ఫెడ్ అనే వంతెన ఉంది. దానికి ఒప్పుకున్నవారి పోస్టులే అటూ ఇటూ దాటుతాయి.

ఇక పరీక్షలు నాలుగు.

మొదటిది, పొడవు. మాస్టడాన్‌లో మామూలు పరిమితి 500 అక్షరాలు, బ్లూస్కైలో 300. పెద్ద పోస్టు వంతెన మీద కత్తిరింపుకు గురై, చివర లింకు మిగులుతుంది. పైగా లెక్కించే తీరు వేరు. 'భద్రాచలం' మనకు నాలుగక్షరాలు. యూనికోడ్ సంకేతాలుగా 8. 2023 నాటి యూనికోడ్ నియమం ఒత్తును కలిపి 4గా లెక్కిస్తుంది, పాత నియమం 5 అంటుంది. అందుకే పరీక్ష తెలుగులోనే చెయ్యాలి, ఇంగ్లీషులో చేసి సరిపెట్టుకోకూడదు.

రెండోది, దిద్దుబాటు. 43ను 48గా మార్చండి. అవతల పాత అంకే ఉందా? మాస్టడాన్‌లో దిద్దే సదుపాయం 2022లో వచ్చింది. అందుకునే చోట కూడా అది అమలు కావాలి కదా!

మూడోది, తొలగింపు. తుడిచేయమని కబురు మాత్రమే వెళుతుంది. అవతలి సర్వరు పాటిస్తేనే పోస్టు పోతుంది.

నాలుగోది, జవాబు. వంతెనకు ఒప్పుకోని మనిషి "మాకు పడవ కావాలి" అని కింద రాస్తే, ఇవతల రాసినవారికి అది నేరుగా జవాబుగా చేరదు. నాలుగింటిలో ప్రాణాల మీదికి వచ్చేది ఇదే.

పరీక్ష పోస్టు మీద 'పరీక్ష' అని ముందే రాయండి. లేకుంటే వదంతి పుట్టించినవాళ్లం అవుతాం. ఏ నెట్‌వర్కులో ఏం కనబడిందో సమయంతో సహా నోటుబుక్కులో పట్టిక వేసుకోండి.

ఈ పాఠం వల్ల తేలేది ఇది: ఊరు, తేదీ, గంట, అంకె మొదటి వాక్యంలోనే ఉండాలి. మట్టం మారితే పాతది దిద్దకుండా, గంట వేసి కొత్త పోస్టు పెట్టాలి. సాయం కోరేవారికి ఫోను నంబరు ఇవ్వాలి. పోస్టు వెళ్లిందని తృప్తిపడక, అవతలి గట్టున ఉన్నవాడు ఏం చదివాడో కనుక్కోవాలి.