దిక్కు తెలిపే ఫోను

సంగారెడ్డికి సమీపంలోని ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో పొలంగట్టుపై నిలిచి చూస్తే సెల్‌ఫోనులోని దిక్సూచి ఉత్తరాన్ని సరిగానే చూపుతుంది. అదే ఫోను ఆ జిల్లాలోనే ఉన్న పటాన్‌చెరు పారిశ్రామికవాడలో, ఇనుప దూలాల నడుమ తడబడుతుంది.

ఫోనుకు దిక్కు దానంతట అది తెలియదు. అందులోని త్వరణమాపకం గురుత్వాకర్షణను బట్టి ‘కింద’ ఎటో గ్రహిస్తుంది; అయస్కాంతమాపకం భూ అయస్కాంత క్షేత్రాన్ని కొలుస్తుంది. రెండింటినీ కలిపి లెక్కిస్తేనే ఫోను ఎటు తిరిగి, ఎంత వాలి ఉన్నదో తేలుతుంది. తొలినాళ్ల ఆండ్రాయిడ్‌లో ఈ ఫలితాన్ని ‘ఓరియంటేషన్ సెన్సార్’ పేరిట నేరుగా అందించేవారు. 2010లో వెలువడిన 2.2 రూపాంతరం నుండి దానిని విడిచి, మూల కొలతలతో భ్రమణ మాత్రికను గణించే పద్ధతిని సూచించారు. యాప్ రాసేవారికి శ్రమ పెరిగిన మాట నిజమే. కాని మూల కొలతలు చేతిలో ఉంటేనే తప్పు దొరుకుతుంది.

ఈ ప్రాంతంలో భూ అయస్కాంత క్షేత్ర తీవ్రత 40 మైక్రోటెస్లాలకు కొంచెం పైన ఉంటుంది. షెడ్డులో అది 70కి చేరిందనుకుందాం. ఆ అదనం ఇనుముది. అప్పుడు యాప్ బాణాన్ని చూపక, ‘ఇనుముకు దూరంగా జరగండి’ అని హెచ్చరించాలి. అయస్కాంత ఉత్తరానికీ, అసలు ఉత్తరానికీ నడుమ తేడా ఇక్కడ ఒక డిగ్రీ లోపే. స్లాబులోని కడ్డీలు అంతకు ఎన్నో రెట్లు దారి తప్పించగలవు. కిబ్లా దిశను వెదికే నమాజీకీ, వాస్తు చూసుకొనే మేస్త్రీకీ ఈ హెచ్చరికే ముఖ్యం. ఫోనును గాలిలో ఎనిమిది అంకె ఆకారంలో తిప్పమనే సూచన ఫోను లోపలి లోహాల ప్రభావాన్ని సవరిస్తుందే తప్ప, గోడలోని ఇనుమును కాదు.