సోలో నొక్కేముందు

హనుమకొండ



ఆదివారం పబ్లిక్ గార్డెన్ల ఒగ్గు కథకు సౌండు బోర్డు నీ చేతికి ఇచ్చిండ్రని మీ నాయిన ఫోన్ చేసి చెప్పిండు. ఆ రాత్రి సంతోషంతోని నిద్ర పట్టలేదు. నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణంల జనం నడుమ బోర్డు పెట్టే ఆ జాగ నాకు బాగ తెలుసు. అక్కడ కేబుళ్లు మోసిన, తర్వాత బోర్డు ముందల కూసున్న. ఫోన్ల చెప్తే సగం గాలికి పోతదని కాయితం మీద పెడుతున్న.

ముందుగాల రూటింగు. బోర్డు ఆన్ చెయ్యకముందే ఒక తెల్లకాయితం తీసుకో. ఎడమ పక్క పైనుంచి కిందికి ఏమేం మోగుతయో రాయి. కథ చెప్పే పెద్దమనిషి, వంత పాడే ఇద్దరు, రెండు డోళ్లు, నపీర, తాళాలు. డోలుకు ఒక దిక్కు పుల్ల, ఒక దిక్కు చెయ్యి పడతది కాబట్టి రెండు దిక్కుల మైకులు పెడితే రెండు వరుసలు రాయాలె. కుడి పక్కన ఆ సౌండు ఎక్కడెక్కడికి పోవాల్నో రాయి. ముందటి బాక్సులు, స్టేజి మీది మానిటర్లు, వెనక కూసున్నోళ్ల కోసం పెట్టిన బాక్సులు, వీడియో తీసేటోళ్ల లైను. ఇగ ఈ దిక్కు నుంచి ఆ దిక్కుకు గీతలు గియ్యి. ఏ గీత మరిచిపోతవో ఆదివారం అదే మోగది.

నీకు ఎక్స్32 బోర్డు ఇస్తున్నరట. 32 చానళ్లు, 16 మిక్స్ బస్సులు, 6 మ్యాట్రిక్సులు, 8 డీసీఏలు. ఇన్ని దారులున్న కాడ సౌండు దారి తప్పుడు కూడ అంతే సులువు. నేను ఒకసారి డోళ్లన్నీ ఒక గ్రూపుల వేసి, ఆ గ్రూపును మెయిన్‌కు పంపిన. చానళ్ల మీద మెయిన్ బటన్ తీసుడు మరిచిన. డోలు రెండు దారులల్ల పోయింది. ఒకటే సౌండు రెండు దిక్కుల నుంచి వచ్చి కలిస్తే 6 డీబీ దాక లేస్తది. గ్రూపు ఫేడర్ కిందిదాక గుంజినా డోలు ఆగకపాయె. పాడైందని మైకు మార్చిన, కేబుల్ మార్చిన, తప్పు మాత్రం నా వేలి కిందనే ఉండె. గ్రూపుల సౌండు ఒక వెంట్రుకవాసి ఆలస్యమైనా, రెండూ కలిసిన కాడ డోలు డొల్లడొల్లగ, పీపాల కొట్టినట్టు ఇనొస్తది. అందుకని గ్రూపుకు పంపితే మెయిన్ తియ్యి. డీసీఏ సంగతి వేరే. దాని గుండ సౌండు పోదు, ఫేడర్లను దూరం నుంచి కదిలించే చెయ్యి అది. డోళ్లన్నిటికి కలిపి ఒక కంప్రెసర్ కావాలంటేనే గ్రూపు పెట్టు. ఒక్కపారి ఎత్తుడు దించుడే అయితే డీసీఏ సాలు. ఆదివారానికి నీకు డీసీఏనే సాలు.

మానిటర్లకు పోయే సెండ్లు ప్రీ-ఫేడర్ల పెట్టు. జనానికని నువ్వు ఫేడర్ కదిలించినప్పుడల్ల కథకుని చెవుల తన గొంతు తగ్గుకుంట పెరుగుకుంట ఉంటే ఆయన అయోమయం అయితడు. రివర్బ్ సెండు పోస్ట్-ఫేడర్ల ఉండాలె, లేకుంటె గొంతు దించినా దాని నీడ ప్రాంగణమంత తిరుగుతనే ఉంటది. వెనక బాక్సులు ముందటి బాక్సుల నుంచి 30 మీటర్లుంటే, సౌండు అక్కడికి చేరేసరికి దగ్గర దగ్గర 87 మిల్లీసెకన్లు పడతది. మ్యాట్రిక్సుల అంత డిలే వేసి, ఇంకో పది కలుపు. అప్పుడు వెనకోళ్లకు గూడ మాట స్టేజి మీదికెల్లే వచ్చినట్టుంటది.

ఇగ సోలో. నీకు ఈ జాబు రాసుడు దీని కోసమే.

ఒక జాతరల, ఆ యేడు అద్దెకు తెచ్చిన బోర్డు నాకు కొత్త. మల్లన్న కథ నడుస్తున్నది. కథకుడు ఏడుపు ఘట్టానికి వచ్చిండు, డోలు ఆపిండ్రు, ఆడోళ్లు కొంగులు కండ్లకు పెట్టుకున్నరు. తాళాల మైకుల ఏదో గరగర ఉన్నట్టనిపించి, చెవుల ఇందామని దాని సోలో నొక్కిన. మైదానమంత ఒక్కసారి ఖాళీ అయింది. అన్ని బాక్సులల్ల తాళాల చిటచిట ఒక్కటే. స్టేజి మీద ఆయన నోరు కదులుతున్నది, గొంతు లేదు. రెండు మూడు సెకన్లల్ల మల్ల నొక్కి తీసిన, కాని అప్పటికే ఆయన శ్వాస తెగింది. ఆ ఏడుపు మల్ల కూడలేదు. కథ అయిపోయినంక నా దగ్గరికి వచ్చి, ‘నా గొంతు ఎటు పోయింది కొడుకా?’ అని అడిగిండు. తిట్టినా బాగుండు.

ఆ బోర్డుల సోలో-ఇన్-ప్లేస్ పెట్టి ఉన్నదని తర్వాత తెలిసింది. ఆ పద్ధతిల సోలో నొక్కితే మిగిలిన చానళ్లన్నీ జనం ముందల బంద్ అయితయి. జనం లేనప్పుడు సౌండ్ చెక్ చేసుకోను పెట్టిన సౌలతు అది. కథ నడిచేటప్పుడు మనకు కావాల్సింది పీఎఫ్ఎల్ గాని, ఏఎఫ్ఎల్ గాని. ఇవి నీ హెడ్‌ఫోన్‌లకే వస్తయి, బయటికి పోవు. పీఎఫ్ఎల్ ఫేడర్‌కు ముందటి సౌండు, ఫేడర్ కింద ఉన్నా ఇనొస్తది. వంతపాటగాని మైకు తెరవకముందు బ్యాటరీ ఉన్నదా, కండువా మైకుకు రాపాడుతున్నదా అన్నది దాంతోనే చూసుకోవాలె. గెయిన్ పెట్టేది గూడ దాంతోనే. పెద్దమనిషి గట్టిగ పలికే మాట పలికించి, మీటర్ల -18 దగ్గర నడిచేటట్టు పెట్టు, పైన జాగ మిగులుతది. ఏఎఫ్ఎల్ ఫేడర్ తర్వాతది, జనానికి ఎంత పోతున్నదో అంతే చెప్తది. మానిటర్ బస్సు మీద సోలో నొక్కితే కథకుని చెవుల ఏం మోగుతున్నదో నీకు తెలుస్తది. ఆయన చెయ్యి ఎత్తకముందే తెలుసుకోవాలంటే ఇదొక్కటే తొవ్వ.

పద్ధతి ఏది పెట్టి ఉన్నదో అడిగి తెలుసుకునుడు గాదు, చూసి తెలుసుకో. జనం రాకముందు ఫోన్ల పాట ఒక చానల్ల మెయిన్ల పెట్టు, వేరే చానల్ సోలో నొక్కు. బయటి పాట జర మారినా సరే, ఆ సెట్టింగు మార్చకుండ లేవొద్దు. మల్ల సోలో బటన్లు వెలుగుతనే ఉంటే నీ చెవుల రెండు చానళ్లు కలిసి అబద్ధం చెప్తయి. ఇన్నంక క్లియర్ చెయ్యి.

ఇంకొకటున్నది, దీన్ని పట్టుకోను నాకు చాన ఏండ్లు పట్టింది. సోలోల కూసోని ఈక్యూ చెయ్యకు. డోలును ఒక్కదాన్నే ఇంటే లావుగ, గుమ్మని ఉంటేనే మనసుకు నచ్చుతది, పెంచుకుంట పోతం. గొంతును ఒక్కదాన్నే ఇన్నా అంతే. రెండు లావులు కలిసిన కాడ మాట మునుగుతది. 250 హెర్ట్జ్ చుట్టూ డోలును జర కొయ్యి. సోలోల ఇంటే పీలగ అనిపిస్తది, గొంతుతోని కలిపి ఇంటే మాట మాట తేటగ లేస్తది. ఎక్కడ గరగర, ఎక్కడ హమ్మింగ్ అన్నది సోలోల వెతుకు. ఎంత ఉండాలన్నది మాత్రం హెడ్‌ఫోన్ తీసి, బోర్డు వదిలి, జనంల నడిచి చూడు. ఒగ్గు కథల జనం వచ్చేది మాట కోసం. డోలు ఎంత మంచిగ మోగినా, మల్లన్న ఏమన్నడో చివరి వరుసల ముసలవ్వకు తెలవకపోతే మన పని కానట్టే.

నువ్వు కూసునే ఆ ప్రాంగణానికి ఎవరి పేరు పెట్టిండ్రో యాది చేసుకో. 1932ల మన మట్టెవాడల పుట్టిన వేణుమాధవ్ గారు ఒక్క మైకు ముందల నిలబడి ఎందరి గొంతులో పలికించిండు. ఆయనకు ఒక్క చానలే, సోలో అన్నా మొత్తమన్నా ఒకటే. మైకుకు ఎప్పుడు దగ్గరికి రావాల్నో, ఎప్పుడు మొఖం తిప్పాల్నో ఆయనే చూసుకునేటోడు. మిక్సింగంత ఆయన మెడల ఉండెనని నేననుకుంట. ఒగ్గు కథకుడు అట్ల నిలబడడు. ఎగురుతడు, తిరుగుతడు, డోలు దిక్కు పోతడు. నీ చెయ్యి ఆయన ఫేడర్ మీదనే ఉండాలె, నీ కండ్లు ఆయన కాళ్ల మీద ఉండాలె. డోలు దిక్కు పోయినప్పుడు ఆయన మైకులకు డోలు దూరుతది, అప్పుడు డోళ్ల డీసీఏ ఒక మూడు డీబీ దించు. మల్ల ముందలికి వస్తే ఎత్తు.

నా పాత హెడ్‌ఫోన్ నీ తమ్మునితోని పంపిస్తున్న. చెవి మెత్తలు కొత్తవి వేయించిన. పెద్ద పిన్ను అడాప్టర్ డబ్బీ అడుగున గుడ్డల చుట్టి ఉంది, పారెయ్యకు. ఆదివారం నేను వస్త, బోర్డు దగ్గరికి రాను, చివరి వరుసల కూసుంట. మాట ఇనపడకపోతే లేచి నిలబడత.

నీ పెద్దబాపు