సోమవారం పొద్దున వచ్చి చూడండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం ఒకే బాధ: హైదరాబాద్ లోపల కొనలేం, బయటికి పోతే బతకగలమా? వాటిలో చాలామటుకు మా వైపు గురించే. ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డు పట్టుకుంటే వరుసగా తగిలే బోడుప్పల్, మేడిపల్లి, నారపల్లి, జోడిమెట్ల, అన్నోజిగూడ, ఘట్‌కేసర్. పన్నెండేళ్లుగా ఈ రోడ్డు దుమ్ము తింటున్నవాణ్ణి, ఆ మాత్రం హక్కుంది. అందుకే ఈసారి జాగా అంతా ఈ ఉత్తరాలకే.

ప్రశ్న: రామంతాపూర్‌లో అద్దెకుంటున్నాం, నెలకు 17 వేలు. మావారి ఆఫీసు రాయదుర్గంలో. నేను తార్నాకలో టీచర్ని. ఇద్దరు పిల్లలు, అత్తమ్మ. ఘట్‌కేసర్ దగ్గర ఫ్లాటు చూశాం. ఈఎంఐ 46 వేలు పడుతుందట. పక్కనే ఓఆర్‌ఆర్, ఎంఎంటీఎస్ కూడా ఉంది, ప్రయాణం ఓ లెక్కే కాదు అన్నారు. అద్దె డబ్బులు ఎన్నాళ్లు పారబోస్తాం అని ఈయన. నాకేమో కాలూ చేయీ ఆడటం లేదు.
– ఒక పాఠకురాలు, రామంతాపూర్

జవాబు: అమ్మా, మీరు ఫ్లాటు ఎప్పుడు చూశారో ఉత్తరంలో లేదు. నేను చెబుతాను. ఆదివారం, పొద్దున పదీ పదకొండు మధ్య, వాళ్ల కారులో. అవునా? ఈ రోడ్డు అందంగా కనబడేది ఆ ఒక్క పూటే. నేను కూడా ఆదివారమే చూసి మురిసిపోయాను. సోమవారం సంగతి సామాను దింపాక తెలిసింది.

ఘట్‌కేసర్ నుంచి ఉప్పల్ రింగు రోడ్డుకు పదిహేను, పదహారు కిలోమీటర్లు. కాగితం మీద అరగంట. అయితే ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఆరు కిలోమీటర్ల పైచిలుకు ఎలివేటెడ్ కారిడార్ పని 2018లో మొదలుపెట్టారు. పిల్లర్లు లేచాయి, పని పడకేసింది, కింద రోడ్డు గుంతలు పడింది. బోడుప్పల్ దగ్గర బస్సు ఆగితే పల్లీల పొట్లం అయిపోయేదాకా కదలని రోజులు చూశాను. వాన పడితే రెండు పొట్లాలు.

ఓఆర్‌ఆర్ పక్కనే ఉందన్న మాట అబద్ధం కాదు. కానీ ఆ రింగు మొత్తం 158 కిలోమీటర్లు. మనం తూర్పు అంచున, రాయదుర్గం పడమటి అంచున. ఎటు నుంచి తిరిగినా అరచుట్టుకు అటూ ఇటూ. రోజూ రెండుసార్లు ఆ అరచుట్టు తిరిగి, టోలు కట్టి, పెట్రోలు పోసి, ఇంటికొచ్చాక పిల్లాడి హోంవర్కు చూసే ఓపిక మీవారికి ఉంటుందా? ఎంఎంటీఎస్ కూడా నిజమే. ఘట్‌కేసర్ నుంచి మౌలాలి, సనత్‌నగర్ మీదుగా లింగంపల్లికి 2024 మార్చిలో మొదలైంది, హైటెక్ సిటీ స్టేషన్ దారిలోనే. లైను బంగారం లాంటిది. బండ్లే వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఆఫీసు వేళకు వెళ్లే బండీ, తిరిగొచ్చే బండీ రెండూ కుదురుతాయో లేదో టైంటేబుల్ చూసుకోండి. ఒకటి కుదిరి ఇంకోటి కుదరకపోతే లేనట్టే.

మీకు నిజంగా పనికొచ్చేది మెట్రో. ఉప్పల్‌లో ఎక్కితే మీరు తార్నాకలో దిగుతారు, ఆయన దాదాపు గంటలో రాయదుర్గంలో దిగుతారు. ఇద్దరికీ ఒకే లైను, అదృష్టమే. చిక్కంతా ఉప్పల్ చేరడంలోనే. అంచేత ఘట్‌కేసర్ దాకా పోకుండా, ఉప్పల్‌కు ఎంత దగ్గరగా ఆగగలరో చూడండి. గది ఒకటి తక్కువైనా ఫరవాలేదు.

అద్దె పారబోత అనే లెక్క ఒకటి ఉంది కదా. 17 వేలకూ 46 వేలకూ తేడా 29 వేలు. దాని మీద మెయింటెనెన్స్, రెండో బండి, పిల్లల స్కూలు బస్సు. నా మాట వినండి: కొనాలనుకున్న వీధిలోనే పదకొండు నెలల అగ్రిమెంటుతో అద్దెకు దిగండి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడపండి. మేలో మీ సంపులోకి నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో, ఆగస్టులో మీ వీధి ఎటు పారుతుందో తేలిపోతుంది. అంత ఓపిక లేదంటే కనీసం ఒక సోమవారం సెలవు పెట్టండి. ఏడున్నరకు ఆ ఫ్లాటు గేటు ముందు నిలబడి, అక్కణ్ణుంచి మీరు మీ బడికీ, ఆయన ఆఫీసుకూ బయల్దేరండి. సాయంత్రం మళ్లీ అదే గేటు దగ్గరికి వచ్చాక, ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నిర్ణయించుకోండి. అత్తమ్మగారినీ అడగండి. పగలంతా అక్కడ ఉండేది ఆవిడే.

ప్రశ్న: మా బావమరిది ఘట్‌కేసర్ దాటాక ప్రీ లాంచ్‌లో ఫ్లాటు తీసుకోమంటున్నాడు. డబ్బంతా ఒకేసారి కడితే సగం ధరకే ఇస్తారట. పర్మిషన్లు రెండు మూడు నెలల్లో వస్తాయట. ప్లాటైతే చెరువు పక్కన ఉంది, ఎల్‌ఆర్‌ఎస్ కట్టుకుంటే చాలన్నారు. ఏది మేలు?
– ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: రెండూ వద్దు.

కారణం కూడా చెప్పాలి కదా. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది మించినా ఆ ప్రాజెక్టు రెరాలో నమోదు కావాలి. 2016 చట్టం అది. నమోదు కాకముందు ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు, అమ్మకూడదు. నమోదయ్యాక కూడా రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా ధరలో పది శాతానికి మించి పుచ్చుకోకూడదు. ‘డబ్బంతా ఒకేసారి’ అన్నప్పుడే వాళ్లు ఎవరో మీకు వాళ్లే చెప్పేశారు. ఈ ముచ్చట నేను పుస్తకంలో చదివి రాయడం లేదు. ఒక కంపెనీకి టోకెన్ ఇచ్చి, ‘అప్రూవల్ వచ్చే నెల సార్’ అన్న మాట మూడేళ్లు విన్నాను. ఫోన్ ఎత్తే అమ్మాయిలు మారారు, మాట మారలేదు. అసలు చేతికొచ్చింది, వడ్డీ దేవుడెరుగు.

ఇక చెరువు పక్క ప్లాటు. ఎల్‌ఆర్‌ఎస్ అన్నది 2020 ఆగస్టు 26కు ముందు పడ్డ అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేసే పథకం. చెరువు శిఖం భూమిని ప్లాటుగా మార్చే మంత్రం కాదు. పది హెక్టార్లూ, అంతకు మించిన చెరువైతే, నిండా నీళ్లున్నప్పుడు అంచు చేరే ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు బఫర్. అందులో ఇల్లు కడితే ఏమవుతుందో 2024లో ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక టీవీలో చూస్తూనే ఉన్నారు. హెచ్‌ఎండీఏ వాళ్లు చెరువుల మ్యాపులు ఆన్‌లైన్‌లో పెట్టారు, సర్వే నంబరుతో సరిపోల్చుకోండి. ఈసీ, లింకు డాక్యుమెంట్లు, నిషేధిత భూముల జాబితా, అన్నీ మీకు తెలిసిన వకీలుకు చూపించండి. అమ్మేవాళ్లు చూపించే వకీలుకు కాదు. రిజిస్ట్రేషన్‌కు ఏడున్నర శాతం ఖర్చు వేరే ఉంటుంది, అది కూడా లెక్కలో రాసుకోండి.

బావమరిదితో మాట పోకుండా ఎలా తప్పించుకోవాలంటారా? బ్యాంకు లోను రాలేదని చెప్పండి. అది అబద్ధం కూడా కాకపోవచ్చు.

ప్రశ్న: రేట్లు ఇంకా పెరుగుతాయా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: వార ఫలాలు పక్క పేజీలో ఉన్నాయి.

ప్రశ్న: మూసీ వాసన వస్తుందని, బోరు నీళ్లు పనికిరావని అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, నాచారం

జవాబు: చోటును బట్టి. హైదరాబాద్ కడిగిన మురుగంతా మోసుకుని మూసీ మా దక్షిణం వైపు ప్రతాపసింగారం మీదుగా దిగువకు పోతుంది. ఏదులాబాద్ చెరువు దాకా దాని దెబ్బ తగిలింది. హైవేకు ఉత్తరాన ఉన్న కాలనీలకు ఆ బాధ తక్కువ. దక్షిణాన నదికి దగ్గరయ్యేకొద్దీ సాయంత్రం గాలి తిరిగిందంటే కిటికీలు మూయాల్సిందే. దోమల సంగతి వేరే చెప్పాలా!

బోరు నీళ్లను నాలుకతో తేల్చకండి, ల్యాబుకు పంపండి. టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే దారి లేకపోతే 2000 వరకు సహించవచ్చంటుంది మన ప్రమాణం. నైట్రేటు మాత్రం 45 దాటకూడదు, చిన్నపిల్లలుంటే మరీనూ. కాఠిన్యం కూడా చూపించండి. మా ఇంట్లో గీజరు రాడ్డు విప్పితే సున్నం కట్టిన చెరకు గడలా ఉంది. జలమండలి కనెక్షన్ ఉందో లేదో అడిగితే సరిపోదు. నల్లా ఎన్ని రోజులకోసారి వస్తుందని పక్కింటావిణ్ణి అడగండి. వాచ్‌మన్‌ను కూడా అడగండి. తెల్లవారుజామున ట్యాంకరు పైపు సంపులో పెట్టేది అతనే, వారానికి ఎన్నో అతనికి కచ్చితంగా తెలుసు.

ప్రశ్న: మాది హనుమకొండ. ఈయన పోయి రెండేళ్లు. అబ్బాయి పోచారంలో ఇన్ఫోసిస్‌లో. ఇక్కడి ఇల్లు అమ్మేసి తన దగ్గరికి వచ్చేయమంటున్నాడు. కోడలు కూడా మంచిదే. కానీ అక్కడ పదకొండో అంతస్తు. నాకు వాకిట్లో ముగ్గేసుకునే అలవాటు. వెళ్లకపోతే వాడు నొచ్చుకుంటాడు.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ‘కోడలు కూడా మంచిదే’ అన్న మాట దగ్గర కాసేపు ఆగాను. మంచివాళ్ల మధ్య ఉన్నప్పుడే నచ్చలేదని చెప్పడం కష్టం.

వెళ్లండి, కానీ ఇల్లు అమ్మకండి. అమ్మిన ఇల్లు మళ్లీ రాదు. తాళం వేసి, తులసికోటకు నీళ్లు పోయమని పొరుగావిడకు చెప్పి, ఒక సంచీతో బయల్దేరండి. అట్నుంచి వచ్చే ప్యాసింజరు బండి కాజీపేటలో ఎక్కితే ఘట్‌కేసర్‌లోనే దింపుతుంది, సికింద్రాబాద్ దాకా పోనక్కర్లేదు. ఒక మూడు నెలలు ఉండండి. ఆరోగ్యం సంగతైతే బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది, వరంగల్ రోడ్డు మీదే, అబ్బాయి కారులో తీసుకుపోగలడు. కింద పార్కులో సాయంత్రం నాలుగున్నరకు మీలాంటివాళ్లు నలుగురు బెంచీ మీద కనబడతారు. ఒకరిది ఖమ్మం, ఒకరిది కడప, ఒకరిది కాకినాడ. అందరూ కొడుకుల దగ్గరికి వచ్చినవాళ్లే. వాళ్లతో కుదిరితే సగం బెంగ పోతుంది. కుదరకపోతే రైలు ఉండనే ఉంది. నెలకు రెండు వారాలు అక్కడ, రెండు వారాలు ఇక్కడ అన్నా తప్పేం లేదు. ముగ్గంటారా, లిఫ్టు ముందు వేసుకోండి. ఊడ్చే అమ్మాయి ఏమీ అనదు. అంటే అసోసియేషన్ వాళ్లే అంటారు, వాళ్లు దేనికైనా అంటారు.

మీ ఉత్తరం మీ అబ్బాయికి చదివి వినిపించండి. నొచ్చుకోడు.

ప్రశ్న: మేం ఈ ఊరివాళ్లం, మా తాతల కాలం నుంచి. పొలాలు ప్లాట్లయినయి, మేం కూడా అమ్ముకున్నం, ఒప్పుకుంటా. కానీ కొత్తగా వచ్చిన గేటెడ్ కాలనీవాళ్లు చెరువుకు పోయే పాత బాటకు గేటు పెట్టిన్రు. బోనాలకు డప్పు కొడితే వంద నంబరుకు ఫోన్ చేస్తున్రు. వాళ్లకు మీరు సలహాలు ఇస్తరు గదా, మాక్కూడా ఒకటి చెప్పండి.
– ఒక పాఠకుడు, ఘట్‌కేసర్ మండలం

జవాబు: అన్నా, ఇన్నాళ్లకు ఇటువైపు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. సంతోషం.

ముందు కాగితం సంగతి. తహశీల్ ఆఫీసులో మీ గ్రామ నక్షా తీయించండి. ఆ బాట నక్షాలో గీత గీసి ఉంటే దాని మీద గేటు పెట్టే హక్కు ఎవరికీ లేదు, లేఅవుట్ అనుమతి ఉన్నా సరే. నక్షా నకలు జతచేసి తహశీల్దారుకు ఒకటి, ఓఆర్‌ఆర్ లోపలైతే హైడ్రాకు ఒకటి రాసివ్వండి. 2025 చివర్లో ఘట్‌కేసర్, పోచారం మున్సిపాలిటీలను జీహెచ్‌ఎంసీలో కలిపేశారు కాబట్టి, ఇప్పుడు మీ ఊరు చూసే మున్సిపల్ ఆఫీసులో కూడా ఒక అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. నోటిమాటకు విలువ ఉండదు, రసీదుకు ఉంటుంది. బాట నక్షాలో లేకపోతే మాత్రం మీ అమ్మకం దస్తావేజుల్లో దారి గురించి ఏమైనా రాసుకున్నారేమో వెతకండి. అదీ లేకపోతే కేసు బలహీనం. దాచను.

డప్పుకు నక్షా ఏదీ లేదు. బోనాల ముందు వారం మీ కులపెద్దలు ఇద్దరు ఆ కాలనీ అసోసియేషన్ ఆఫీసుకు పోయి పిలవండి. ఫలానా రోజు, ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా అని చెప్పండి. పిలిస్తే వచ్చేవాళ్లు వాళ్లలోనూ ఉంటారు. వాళ్లవీ ఎక్కడివో ఊళ్లే, వాళ్ల ఊళ్లలోనూ డప్పులు మోగినవే.

ఇక ఆ గేటు లోపల ఉండి ఈ పేజీ చదువుతున్నవాళ్లకు: సద్దుల బతుకమ్మ నాడు సాయంత్రం ఐదు నుంచి రాత్రి పది దాకా ఆ గేటు తీసిపెట్టండి. చెరువుకు వేరే దారి లేదు.