బ్యాట్‌మ్యాన్ దగ్గర డబ్బు తీసేస్తే

కోడ్‌లో ఒక లైన్ నిజంగా అవసరమా కాదా అని డౌట్ వస్తే మనం ఏం చేస్తాం? దాన్ని కామెంట్ చేసి మళ్ళీ రన్ చేస్తాం. ప్రోగ్రామ్ ఆగిపోతే ఆ లైన్ ముఖ్యమైనది. ఏమీ తేడా రాకపోతే అది ఊరికే కూర్చుని ఉందన్నమాట. ఈ రెండు మూడేళ్ళలో వచ్చిన మంచి సూపర్ హీరో కామిక్స్ చాలావరకు ఇదే పని చేస్తున్నాయి. హీరో కథలో మనం అతి ముఖ్యం అనుకునే ఒక విషయాన్ని తీసేసి, అప్పుడు కూడా అతను అతనేనా అని చూస్తున్నాయి. అలా చూసిన మూడు నాలుగు పుస్తకాల గురించి, ఏది ఆ పరీక్షలో పాసైంది, ఏది కొంచెం మోసం చేసి పాసైంది అనే దాని గురించి ఈ వ్యాసం.

ముందు కొంచెం నేపథ్యం. 1939లో బ్యాట్‌మ్యాన్, 1941లో వండర్ ఉమెన్, 1962లో స్పైడర్ మ్యాన్ పుట్టారు. ఇన్నేళ్ళ కథ మోస్తున్న పాత్రల్ని కొత్తవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టి చదవాలి? అందుకే కంపెనీలు అప్పుడప్పుడు పక్కన ఒక కొత్త లోకం తెరుస్తాయి. పాత లోకం పాత లోకంలాగే నడుస్తుంది, కొత్త లోకంలో అదే హీరో ఒకటో నంబర్ నుంచి మొదలవుతాడు. మార్వెల్ 2000లో 'అల్టిమేట్' పేరుతో ఇలా చేసింది, 2015లో మూసేసింది. మైల్స్ మొరాలెస్ 2011లో వచ్చింది అందులోంచే. 2024 జనవరిలో అదే పేరుతో మళ్ళీ మొదలుపెట్టారు. అదే సంవత్సరం అక్టోబర్‌లో డీసీ 'అబ్సల్యూట్' అనే లైన్ తెచ్చింది.

చెప్పిన కథనే మళ్ళీ ఎందుకు చెప్పడం అని మనవాళ్ళు అడగకూడదు నిజానికి. విశ్వనాథ సత్యనారాయణ గారు రామాయణ కల్పవృక్షం మొదట్లోనే ఆ ప్రశ్న తామే వేసుకుని సమాధానం చెప్పారు. కాకపోతే మన దగ్గర తిరగరాతల్లో ఎక్కువగా కలుపుతారు. వ్యాసుడి భారతంలో లేని శశిరేఖ మాయాబజార్‌లో హీరోయిన్ అయింది. ఓల్గా గారి 'విముక్త'లో సీత వెళ్ళి శూర్పణఖను కలుస్తుంది. ఈ అమెరికన్ రచయితలు మాత్రం ముందు కత్తెర తీశారు.

అబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్ చూద్దాం. రచన స్కాట్ స్నైడర్, బొమ్మలు నిక్ డ్రగొట్టా. ఇందులో బ్రూస్ వేన్‌కి బంగళా లేదు, కంపెనీ లేదు, కాఫీ తెచ్చే బట్లర్ లేడు. తండ్రి థామస్ డాక్టర్ కాదు, స్కూల్ టీచర్. పిల్లల్ని జూకి తీసుకెళ్ళినప్పుడు జరిగిన కాల్పుల్లో చనిపోతాడు. తల్లి మార్తా బతికే ఉంది. బ్రూస్ చదువుకుని ఇంజనీర్ అయ్యాడు (మన బ్రాంచ్ కాదు, సివిల్ వాళ్ళు సంబరపడొచ్చు). ఛాతీ మీది గబ్బిలం గుర్తు ఊడదీస్తే గొడ్డలి అవుతుంది.

ఇక్కడే నాకు మొదటి పేచీ. ఈ బ్రూస్ ఒక మినీ లారీ సైజులో ఉంటాడు. ప్యానెల్‌లో పట్టడు. అంటే డబ్బు తీసేసి ఆ ఖాళీలో కండలు పెట్టారు. పైగా పేదవాడు అంటూనే అన్ని రకాల సామాన్లు, అంత పెద్ద బండి ఎలా సమకూర్చుకున్నాడో నాకు లెక్క కుదరలేదు. నగరం ఎలా కట్టారో తెలిసినవాడు కాబట్టి అన్నది స్నైడర్ జవాబు. సగం ఒప్పుకుంటాను. డబ్బు అనే లైన్‌ని కామెంట్ చేసి, అదే పని చేసే ఇంకో ఫంక్షన్ కింద రాసుకున్నట్టుంది.

కానీ చదవగా చదవగా అసలు మార్పు డబ్బులో కాదు, డబ్బుతో పాటు పోయిన ఒంటరితనంలో ఉందని అర్థమవుతుంది. పాత బ్రూస్ పెద్ద ఇంట్లో ఒక్కడే పెరిగాడు. ఈ బ్రూస్ పేటలో నలుగురితో పెరిగాడు. ఆ నలుగురు ఎవరంటే వేలన్ జోన్స్, ఆస్వాల్డ్ కాబుల్‌పాట్, హార్వీ డెంట్, ఎడ్వర్డ్ నిగ్మా. పాత కథల్లో వీళ్ళే కిల్లర్ క్రాక్, పెంగ్విన్, టూ ఫేస్, రిడ్లర్. ఇక్కడ వాళ్ళు విలన్లు కారు, కలిసి కూర్చుని కబుర్లు చెప్పుకునే చిన్ననాటి స్నేహితులు. పాత కథ తెలిసిన పాఠకుడికి ఆ సీన్లు చదువుతుంటే గుండె గుబగుబలాడుతుంది. వీళ్ళకి ఏం కాబోతోంది? బ్రూస్ వల్లే అవుతుందా? ఏమీ లేనివాడు ముసుగు వేసుకోవడం ఒక ఎత్తు, పోగొట్టుకోవడానికి అమ్మ, నలుగురు ఫ్రెండ్స్ ఉన్నవాడు వేసుకోవడం ఇంకో ఎత్తు. ఆ భయం కోసం ఆ కండల్ని క్షమించేశాను. డ్రగొట్టా పేజీలు కూడా గమనించండి. చిన్న చిన్న ప్యానెళ్ళు ఇరుగ్గా పేర్చి, ఊపిరాడనట్టు చేసి, పేజీ తిప్పగానే ఒక్కటే పెద్ద బొమ్మ పెడతాడు.

అబ్సల్యూట్ సూపర్ మ్యాన్ గురించి ఎక్కువ చెప్పను. జేసన్ ఏరన్, రఫా సాండొవల్ చేశారు. క్రిప్టాన్‌లో వర్గాలు, అందులో కిందివర్గం అమ్మానాన్నలు, భూమికి పసిపిల్లాడిగా కాకుండా కాస్త పెద్దయ్యాక రావడం, కూలీల పక్షాన నిలబడడం. ఆలోచన బాగుంది, క్రిప్టాన్ భాగం చాలా బాగుంది. భూమ్మీది భాగంలో మాటలు కొంచెం నినాదాల్లా వినపడ్డాయి నాకు.

వండర్ ఉమెన్ మాత్రం అసలైన పరీక్ష. కెల్లీ థాంప్సన్ రాసింది, హేడెన్ షెర్మన్ గీశారు. డయానా అంటే అమెజాన్ల ద్వీపం, అమ్మ హిపోలిటా, వందల మంది అక్కచెల్లెళ్ళు. ఇవన్నీ తీసేశారు. పసిబిడ్డని నరకంలో సర్సీ అనే మంత్రగత్తె చేతిలో పెట్టారు. సర్సీకి ఈ బిడ్డ వద్దు, ఆమెకి అదొక శిక్ష. అయినా బిడ్డ అక్కడి రాక్షస జీవాల్ని కూడా భయం లేకుండా ముద్దు చేస్తూ పెరుగుతుంది, మెల్లగా సర్సీ తల్లి అవుతుంది. పెద్దయ్యాక డయానా ఎముకల గుర్రం మీద, తన ఎత్తు కత్తితో భూమ్మీదకి వస్తుంది. కవర్ చూసి ఇదేదో హెవీ మెటల్ పోస్టర్ అనుకుంటారు. లోపల చూస్తే ఈమె అందరికంటే దయగల మనిషి. నరకంలోంచి ఒక మనిషిని వెనక్కి పంపడానికి తన చేయినే ఇచ్చేస్తుంది. దీని గురించి ఆమె ఉపన్యాసం ఇవ్వదు, చేసి ఊరుకుంటుంది. ఇక్కడ రచయిత్రి తీసేసిన దాని స్థానంలో ఇంకో దొంగ ఫంక్షన్ రాయలేదు. ద్వీపం పోయింది, స్వభావం మిగిలింది. సర్సీ పెంపకం వల్ల మిగిలిందా, పుట్టుకతోనే ఉందా అన్నది మనల్నే తేల్చుకోమంటుంది. నా ఓటు సర్సీకి.

ఇక అల్టిమేట్ స్పైడర్ మ్యాన్. జొనాథన్ హిక్‌మన్, మార్కో చెకెటో. ఇందులో కత్తెర పట్టుకున్నది రచయిత మాత్రమే కాదు, కథలోని విలనే. మేకర్ అనేవాడు ఈ లోకంలో హీరోలు పుట్టకుండా ముందే అడ్డం పడతాడు. సాలీడు కుట్టాల్సిన రోజు పీటర్ పార్కర్‌ని కుట్టలేదు. కాబట్టి అతను మామూలుగా పెరిగి, ఉద్యోగం చేసుకుంటూ, ముప్పై దాటి, మేరీ జేన్‌ని పెళ్ళి చేసుకుని, రిచర్డ్, మే అనే ఇద్దరు పిల్లలతో ఉన్నాడు. బెన్ అంకుల్ బతికే ఉన్నాడు.

ఒక్క క్షణం ఆగి చూడండి, తీసేసింది ఏమిటో. 1962లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో కథ మొత్తం ఒక్క మేకు మీద వేలాడుతుంది. పీటర్ వదిలేసిన దొంగే బెన్‌ని చంపుతాడు. ఆ గిల్ట్ వల్లే స్పైడర్ మ్యాన్. చాలా సినిమాలు దాని చుట్టూనే. ఇప్పుడు ఆ గిల్ట్ లేదు. బదులుగా టోనీ స్టార్క్ నుంచి ఒక కబురు, ఒక సాలీడు. కుట్టించుకోవాలా వద్దా అన్నది అతని ఇష్టం. హాయిగా ఉన్న మనిషికి జీవితంలో ఏదో తక్కువైంది అనే వెలితి మాత్రమే కారణం. అది చాలా? మొదటి ఇష్యూ అయిపోయాక ఇది నన్ను చాలాసేపు వదల్లేదు. ఎందుకంటే గిల్ట్ ఉన్నవాడికి వేరే దారి లేదు, ఇతనికి ఉంది. ఇంట్లో పిల్లలున్నారు. అయినా కుట్టించుకున్నాడు. ఇది ధైర్యమా, స్వార్థమా?

నాలుగో ఇష్యూ దీనికి సాక్ష్యం. దాదాపు ఇష్యూ మొత్తం రెండు జంటలు హోటల్లో కూర్చుని భోంచేస్తాయి. పీటర్, మేరీ జేన్ ఒకవైపు, హ్యారీ ఆస్‌బోర్న్, గ్వెన్ ఒకవైపు. నా ఫ్రెండ్ ఒకడు "ఏంట్రా ఇది, ఒక్క ఫైట్ కూడా లేదు" అని పక్కన పడేశాడు. నాకు మాత్రం సిరీస్‌లో అదే బెస్ట్. భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకునే తీరులోనే టెన్షన్ అంతా ఉంది. నెలకో ఇష్యూ వస్తే కథలోనూ నెల గడుస్తుంది అనే పద్ధతి కూడా ఇలాంటి చోట పనికొచ్చింది. తర్వాత తర్వాత అదే పద్ధతి ఇబ్బంది పెట్టింది. మధ్యలో ముఖ్యమైనవి జరిగిపోయి మనకి ఆనక తెలుస్తుంటాయి. వేగం తగ్గింది. మొదటి ఆరు ఇష్యూలు మాత్రం ఎవరికైనా ధైర్యంగా ఇస్తాను.

చదవాలనుకుంటే నెలనెలా విడి ఇష్యూల వెంట పడకండి, ఐదారు ఇష్యూలు కలిపి వేసిన సంపుటాలు తీసుకోండి. వండర్ ఉమెన్‌ది 'ది లాస్ట్ అమెజాన్', బ్యాట్‌మ్యాన్‌ది 'ది జూ', స్పైడర్ మ్యాన్‌ది 'మ్యారీడ్ విత్ చిల్డ్రన్'. ఇదే వరసలో చదవమంటాను. స్పైడర్ మ్యాన్ చివర్లో ఎందుకంటే, ఆ నాలుగో ఇష్యూ నచ్చిందా బోర్ కొట్టిందా అన్న దాని మీద మన క్లబ్‌లో కూర్చుని గట్టిగా కొట్లాడుకోవాలని ఉంది. రెండు పక్షాలకూ మనుషులు కావాలి.